పదునారు వన్నెల పసిడి

మా క్వార్టర్లలో ప్రక్క వాటాయందు నివసించు తెలుగు కుటుంబములో నిరుడు కుమార్తె వివాహము జరిగినది. ఆ గృహస్థు, తన తల్లిగారి నగలు రెండు చెరిపించి అమ్మాయికి క్రొత్తవి చేయింపదలచి, నన్ను తోడు రమ్మని బజారునకు తీసికొనిపోయెను. ఒకటి కాసులపేరు, అది వారి నాయనమ్మగారి నాటిది. రెండవది గొలుసు, 1963 వేసవిలో వారి తల్లిగారి పెండ్లికి స్వగ్రామమున చేయించినది. పరీక్షా కేంద్రమువారు ఎక్స్‌రే యంత్రము క్రింద వాటిని ఉంచిరి. కాసులు నూటికి తొంబదియొకటిన్నర పాళ్లకు పైగా మేలిమి చూపినవి. గొలుసు ఏబదియెనిమిది వద్దనే నిలిచిపోయినది. ఎన్ని చోట్ల పరీక్షించినను అదే అంకె.

ఆ గృహస్థు ముఖము నల్లబడినది. "మా ఊరి ఆచారి మా తాతగారిని నిలువునా ముంచాడండీ!" అని ఆయన అనెను. "పాపం అత్తయ్యగారు, అరవైయేళ్లు మెడలో వేసుకుని ఆయన పనితనం మెచ్చుకుంటూనే పోయారు" అని ఆ ఇల్లాలు కంట తడిపెట్టెను. ఆ ఆచారిగారి మనుమడు నేటికిని ఆ గ్రామముననే ఉన్నాడట. ఈయనకు బాల్యస్నేహితుడు. ఆ సాయంకాలమే పెండ్లి పిలుపుల పట్టికలో అతని పేరు మీద ఎర్ర గీత పడినది.

చనిపోయినవాడు తన తరపున సాక్ష్యము చెప్పుకొనలేడు. కనుక అతని పక్షమున చరిత్రను సాక్ష్యమునకు పిలువవలెనని నాకు తోచినది. ఈ వ్యాసమునకు అదియే కారణము.

మన భాషలో బంగారము యొక్క స్వచ్ఛతకు పేరు "వన్నె". సంస్కృతమునందలి వర్ణ శబ్దమే తెలుగున వన్నెయైనది. అనగా రంగు. మేలిమి బంగారమును "పదునారు వన్నెల బంగారము" అందుము. రంగును తెలుపు మాటయే స్వచ్ఛతను తెలుపు మాట కూడ అగుటలో మన పూర్వుల అనుభవమంతయు ఇమిడియున్నది. వారికి బంగారపు నాణ్యమును తెలిసికొను సాధనము కన్ను. కంటికి తోడు గీటురాయి. ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. ఉత్తరాదిలో ఉద్యోగము చేయుచున్న మనవారు హిందీలో "బారహ్ బానీ" సోనా అను మాటను వినియుందురు. ఆ "బాన్" కూడ వర్ణ శబ్దము నుండి పుట్టినదే. వారికి పండ్రెండు వన్నెలు, మనకు పదునారు. మెట్ల సంఖ్య వేరైనను ఊహ ఒక్కటే.

ఈ ఊహకు ప్రాచీనమైన శాస్త్రాధారము కౌటిల్యుని అర్థశాస్త్రమున దొరకును. ఆ గ్రంథమును ఆర్. శామశాస్త్రిగారు మైసూరున 1909 లో ప్రకటించిన పిదప లోకమునకు ఒక విశేషము తెలియవచ్చినది. అందు రెండవ అధికరణమున సువర్ణాధ్యక్షుడను ఉద్యోగి విధులు వివరింపబడినవి. ఐదు గురిగింజల ఎత్తు ఒక మాషము; పదునారు మాషములు ఒక సువర్ణము. ఆ సువర్ణమునందు మాషములో నాలుగవ వంతైన కాకణి చొప్పున బంగారమును తీసి రాగిని చేర్చుచు నాలుగు మాషముల వరకు పోయినచో పదునారు వర్ణకములు ఏర్పడునని అందు చెప్పబడినది. ఇవి పోల్చి చూచుటకు ఉంచుకొను మచ్చులు. పరీక్షింపవలసిన బంగారమును రాతిపై గీసి, దాని ప్రక్కన మచ్చును గీసి, రెండు గీటుల రంగును సరిపోల్చవలెను. లెక్కవేసి చూడగా చివరి మచ్చులో పదునారింట పండ్రెండు పాళ్లు బంగారము మిగులును. నేటి లెక్కలో అది సరిగా పదునెనిమిది కారట్లు!

గీటురాయిని గురించి కూడ ఆ గ్రంథము మౌనము వహింపలేదు. కళింగదేశపు రాయిగాని, తాపీనది రాయిగాని, పెసలవన్నె గలది శ్రేష్ఠమని అందు కలదు. నేటి శ్రీకాకుళపు సీమ ఆనాటి కళింగములోనిదే గదా! బంగారపు స్వచ్ఛతను నిర్ణయించు రాయికి మన తెలుగు నేల పొరుగున అంత ప్రాచీనమైన ప్రశస్తి ఉండుట సంతోషింపదగిన విషయము.

అయితే కౌటిల్యునకు కన్ను మీద ఎంత నమ్మకమో, కన్నును మోసగించు చేతుల మీద అంత అనుమానము. రాజుగారి కంసాలిశాలకు ఒకటే ద్వారము ఉండవలెను. లోపలి నాలుగు గదులకు ఒకదానితో నొకటికి సంబంధము ఉండరాదు. పనివారిని లోనికి పోవునపుడును వెలికి వచ్చునపుడును బట్టలు, చేతులు వెదకి పంపవలెను. తూకములో మోసము, మంచిదానిని తీసి కల్తీని ఉంచుట, సీసపు ముక్కపై బంగారు రేకు తొడుగుట మొదలుగా స్వర్ణకారుల అపహరణోపాయములు ఐదింటిని అతడు పేర్లు పెట్టి వివరించెను. గోటి సందున ఎర్రమన్ను దాచి గీటుపై రాల్చినచో రంగు హెచ్చునట. ఇంగిలీకముతోనో అన్నభేదితోనో పూసిన వ్రేళ్లతో తాకినచో మంచి బంగారము తెల్లబారునట. రంగును హెచ్చించుటకును తగ్గించుటకును ఉపాయములు కలవని తెలిసినవాడు రంగును మాత్రమే నమ్ముకొనడు. అందుచేతనే మలినమైన బంగారమును నాలుగింతలు సీసముతో కరగించి శుద్ధి చేయవలెనని కూడ అతడు విధించెను. ఈ సీసమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో మనకు తరువాత పని కలదు.

మధ్యయుగమునకు వచ్చినచో నాణ్యము వేరొక రూపమున ప్రశ్నార్థకమైనది. తెలుగు శాసనములలో మాడలు, గద్యాణములు తరచుగా కానవచ్చును. విజయనగర కాలమున వరహా దక్షిణాపథమంతట చెలామణి అయ్యెను. 1443 లో విజయనగరమును దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ రాజ్యపు బంగారు నాణెములను వర్ణించుచు, వాటిలో మిశ్రమలోహము కలదని వ్రాసెను. ఇది నింద కాదు. మేలిమి బంగారము మిక్కిలి మెత్తనిది. చేతులు మారిన కొలది అరిగిపోవును. ఏ నాణెమైనను, ఏ నగయైనను నిలువవలెనన్నచో రాగియో వెండియో కొంత కలియక తప్పదు.

వరహానే ఉత్తరాదివారు "హున్" అనిరి. అక్బరు ఆస్థానపు అబుల్ ఫజల్ తన ఐన్-ఎ-అక్బరీలో బంగారపు వన్నెలకై ఒక ప్రకరణమునే కేటాయించెను. నేర్పరులైన సరాఫులు రంగును, మెరుపును చూచి వన్నె చెప్పగలిగినను, ఇతరుల తృప్తికొరకు ఒక పద్ధతి ఏర్పరుపబడెనని అతడు వ్రాసెను. "ఇతరుల తృప్తికొరకు" అనుటలోనే ఒక క్రొత్త యుగము తొంగిచూచుచున్నది. నిపుణుడు చెప్పినది నిజమే కావచ్చును. కాని అతనిని ఎరుగనివానికి కూడ నమ్మకము కలుగవలెను గదా! ఆ క్రొత్త కొలతలో పాత నమ్మకములు కొన్ని కూలినవి. పది వన్నెలని తలచుచుండిన పాత హున్ ఎనిమిదిన్నరగా నిర్ణయింపబడెను. పండ్రెండని పేరుపడిన అలాఉద్దీన్ దీనారము పదిన్నరగా తేలెను. మన పొరుగువారి గొలుసువలె అవి కూడ ఒకనాడు పరీక్షలో తల వంచినవే!

ఆంగ్లేయుల రాకతో కారటు లెక్క వచ్చినది. ఇరువదినాలుగు కారట్లు స్వచ్ఛము. అందులో ఎన్ని పాళ్లు బంగారమో అన్ని కారట్లు. ఇంగ్లండున 1526 లో ఎనిమిదవ హెన్రీ కాలమున నాణెములకు ఇరువదిరెండు కారట్ల ప్రమాణము ప్రవేశించెను. తరువాతి కాలపు సవరనుకు అదియే ప్రమాణమయ్యెను. ఆ సవరను తూకము సుమారు 7.99 గ్రాములు. 1918 లో బొంబాయి టంకశాలలో కూడ సవరనులు ముద్రింపబడినవి. మన ఇండ్లలోని కాసులపేరులలో ఈ నాణెములు చేరినవి. "కాసు బంగారము" అనగా ఎనిమిది గ్రాములని నేటికిని మన అంగళ్లలో వాడుక. ఇరువదిరెండు కారట్లే మంచి నగకు తగిన బంగారమను భావము మన తల్లుల మనస్సులలో నాటుకొనుటకు ఈ సవరను కొంత కారణము.

ఇక రంగు మారుట యొక్క రహస్యమును చూతము. స్వచ్ఛమైన బంగారము కాంతిలోని నీలిభాగమును పీల్చుకొనును గనుక పసుపువన్నెగా కనబడును. అది గాలికి, నీటికి, చెమటకు లొంగదు. లొంగునది దానితో కలిసిన లోహమే. రాగి హెచ్చినచో నగ ఎర్రబారును. వెండి హెచ్చినచో లేత ఆకుపచ్చని చాయ గల పసుపు వచ్చును. పల్లేడియమో నికెలో కలిపినచో తెల్ల బంగారమగును. రాగి వెండులను సమపాళ్లలో కలిపిన ఇరువదిరెండు కారట్ల నగయు, రాగినే కలిపిన ఇరువదిరెండు కారట్ల నగయు ప్రక్కప్రక్కన పెట్టినచో రంగులు వేరు. బంగారము మాత్రము సమానమే. కనుక ఎర్రనిదంతయు కల్తీ కాదు. పచ్చనిదంతయు మేలిమి కాదు.

తక్కువ కారట్ల నగ మెడలో నల్లబడుటకు కారణము అందలి రాగి వెండులు. అవి చెమటతోను, గాలిలోని గంధక సంబంధమైన వాయువులతోను కలిసి నల్లని పొర కట్టును. చింతపండు, ఉప్పుతో తోమినపుడు ఆ పొర కరగిపోయి నగ మరల మెరయును. అట్లు మెరసినంత మాత్రమున లోపలి వన్నె పెరుగదు. స్వర్ణకారులు ఉప్పు, పటిక, సురేకారములతో కాచి మెరుగు పెట్టుటలోని కిటుకు కూడ ఇట్టిదే: పైపొరలోని రాగి వెండులు తొలగిపోయి బంగారమే మిగులును. నగ పైకి ఇరువదిరెండువలె కనబడవచ్చును. గీటురాయిపై గట్టిగా ఒరసినపుడు గాని లోపలి సత్యము బయటపడదు. ఇంకొక హెచ్చరిక: పగిలిన జ్వరమాపకములోని పాదరసము ఉంగరమునకు తగిలినచో వెంటనే తెల్లబడును. తోమినచో అది పోదు. వేడిచేసి పోగొట్టవచ్చును గాని ఆ ఆవిరి విషము. ఇంటిలో ఎవ్వరును ఆ ప్రయత్నము చేయరాదు.

నగలను చెరిపించినపుడు తరుగు వచ్చుటకు మరియొక కారణము టంకము. గొలుసులోని ఒక్కొక్క కడియను అతుకవలెనన్నచో ఆ బంగారముకంటె తక్కువ వేడిమికి కరగు లోహము కావలెను. అందుకై బంగారములో రాగి వెండులు హెచ్చుగా కలిపి టంకము చేసి, వెలిగారముతో అతికించెడివారు. అతుకులు హెచ్చిన కొలది మొత్తము నగ వన్నె తగ్గును. ఇది దొంగతనము కాదు, పని యొక్క స్వభావము. తరువాతి కాలమున కాడ్మియము చేర్చిన టంకము వచ్చినది. అది 321 డిగ్రీలకే కరగు లోహము గనుక కొంచెము చేర్చినను చాలును, వన్నె తగ్గదు. "కె.డి.ఎం." అని అంగళ్ల పలకలపై మనము చూచినది దీనినే. కాని దాని పొగ పీల్చిన పనివారి ఊపిరితిత్తులకు అది ప్రమాదకరము. కొనువారికి ఒక పాలు మేలిమి పెరుగుటకై చేయువారి ఆయువు తరుగుట న్యాయము కాదు.

ఆ కాసులపేరును మరల యంత్రము క్రింద పెట్టించి, కాసులను విడిచి, వాటిని కూర్చిన కొక్కెముల అతుకులను నేను పరీక్షింపజేసితిని. అంకె దిగినది. టంకపు సంగతి ఆ గృహస్థునకు తెలిసినది. కాని గొలుసు మాట మిగిలియే ఉన్నది. టంకము వలన ఇరువదిరెండు కారట్ల గొలుసు ఏబదియెనిమిది పాళ్లకు దిగదు. అందుకు కారణము వేరొకటి ఉండవలెను.

అది చరిత్రలోనే దొరికినది. 1962 అక్టోబరులో చైనాతో యుద్ధము వచ్చినది. విదేశమారకద్రవ్యము కొరవడినది. బంగారము దొంగచాటుగా దేశములోనికి వచ్చుచుండెను. ఆ పరిస్థితులలో ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయిగారు 1963 జనవరిలో భారత రక్షణ నిబంధనల క్రింద బంగారు నియంత్రణమును ప్రకటించిరి. అందలి ముఖ్యమైన విధి ఒకటి: పదునాలుగు కారట్లకు మించిన బంగారముతో క్రొత్త ఆభరణములు చేయరాదు. పదునాలుగు కారట్లనగా నూటికి ఏబదియెనిమిదింబావు పాళ్లకు కొంచెము పైన!

ఆ విధి వెనుకనున్న ఉద్దేశము అర్థము కానిది కాదు. వన్నె తగ్గినచో జనులకు బంగారముపై మోజు తగ్గునని తలచిరి. మోజు తగ్గలేదు, స్వర్ణకారుల పొయ్యిలు మాత్రము చల్లారినవి. తరతరములుగా మెత్తని బంగారమును తీగలు సాగదీసి, రవ్వలు చేసి, రేకులు మలచిన చేతులకు పదునాలుగు కారట్ల లోహము గట్టిదై మాట వినలేదు. పెండ్లివారు ఆ ఎర్రని నగలను చూచి పెదవి విరిచిరి. పని లేక ఎన్నో కుటుంబములు వీధిన పడినవి. కొందరు ప్రాణములు తీసికొన్న విషాదము పార్లమెంటులో కూడ చర్చకు వచ్చినది. 1963 సెప్టెంబరులో పాత నగలను చెరిపి చేయు పనికి కొంత సడలింపు లభించెను. పదునాలుగు కారట్ల విధి 1966 లో తొలగెను. 1968 లో బంగారు నియంత్రణకు ప్రత్యేక చట్టము వచ్చెను. 1990 లో అదియు రద్దయ్యెను. ఈ నియమములను అమలుపరచినది ఎక్సైజు శాఖ. మన సంఘపు వృద్ధసభ్యులలో ఆ శాఖ వారి అనుభవములు విన్నచో, ఆజ్ఞను అమలు జరిపిన చేతులకు కూడ ఆ పని ఎంత బరువైనదో తెలియగలదు.

వైశాఖమున పెండ్లి. జనవరిలో శాసనము. సెప్టెంబరు సడలింపు ఇంకను రాలేదు. ఆ ఆచారిగారు ఏమి చేయవలెను? ఇరువదిరెండు కారట్లతో చేసినచో నేరస్థుడగును. పదునాలుగుతో చేసినచో అరువదియేండ్ల తరువాత దొంగ యనిపించుకొనును!

నేను ఈ సంగతి చెప్పగా ఆ గృహస్థు ఆ రాత్రియే స్వగ్రామములోని అన్నగారికి ఫోను చేసెను. తాతగారి పెండ్లి ఖర్చుల చిట్టా అటకపై ఇంకను భద్రముగా ఉన్నదట. మరునాడు అన్నగారు దానిని తీసి చదివి వినిపించిరి. గొలుసు పద్దు కెదురుగా, "కొత్త చట్టం బంగారం, పదునాలుగు" అని తాతగారి స్వహస్తముతో వ్రాసి యున్నది. ఆచారిగారు చెప్పియే చేసిరి. తాతగారు తెలిసియే కొనిరి. తెలియనివారము మధ్యతరము వారమే.

నేటి కాలమున ఈ నమ్మకపు భారము ముద్రపై పడినది. భారతీయ ప్రమాణముల సంస్థ 2000 లో బంగారు నగలకు హాల్‌మార్కు పద్ధతిని ప్రారంభించినది. 2021 జూన్ 23 నుండి 256 జిల్లాలలో అది తప్పనిసరియైనది. 2023 ఏప్రిల్ 1 నుండి అట్టి ప్రాంతములలో ఆరు అక్షరాంకెల ప్రత్యేక సంఖ్య లేని హాల్‌మార్కు నగను వర్తకుడు అమ్మరాదు. 916 అను అంకె ఇరువదిరెండు కారట్లకు, 750 పదునెనిమిదింటికి, 585 పదునాలుగింటికి గుర్తు. ఆ సంఖ్యను సంస్థవారి మొబైలు యాప్‌లో పరీక్షించుకొనవచ్చును. బదిలీలపై ఊరూర తిరుగు మనవంటి ఉద్యోగులకు ఇది గొప్ప మేలు. ఎరిగిన ఆచారి లేని ఊరిలో ఎవరిని నమ్మవలెనను చింతకు ఇది సమాధానము.

యంత్రము పై పొరనే చూచును. మెరుగు పెట్టిన నగ దానిని కూడ ఏమరింపగలదు. అందుచేత తుదితీర్పు నేటికిని అగ్నిదే. నగనుండి చిన్న మచ్చు తీసి, వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, కొలిమిలో కరగింతురు. సీసము ఇతర మలినములను తనతో తీసికొనిపోవును. మిగిలిన వెండిని నత్రికామ్లముతో తొలగించి, నిలిచిన బంగారమును తూచుదురు. కౌటిల్యుడు చెప్పిన సీసమే ఇది. రెండువేల యేండ్లు గడచినను బంగారమునకు సాక్షి మారలేదు.

కాని ముద్ర చెప్పునది ఎంత బంగారమున్నదో మాత్రమే. ఎందుకంత ఉన్నదో అది చెప్పదు. అది తెలియుటకు నగ పుట్టిన సంవత్సరము, ఆనాటి శాసనము, చేసినవాని స్థితి తెలియవలెను. కనుక పాత నగలను చెరిపించుటకు ముందు ఇంటిలోని పెద్దలను అడిగి, ఏ నగ ఎప్పుడు, ఎక్కడ, ఎవరిచేత చేయబడినదో ఒక పుస్తకమున వ్రాసి ఉంచుకొనుడని మన సోదరీమణులకు నా మనవి. ఆ వ్రాతకు బరువు లేదు, తరుగును లేదు.

మా పొరుగువారు ఆ గొలుసును చెరిపింపలేదు. అమ్మాయి దానిని అట్లే ధరించి పీటలపై కూర్చున్నది. కొంచెము ఎర్రగా, కొంచెము మసకగా ఉన్నమాట నిజమే. పిలుపుల పట్టికలోని ఎర్ర గీత చెరిగినది. ఆచారిగారి మనుమడు సకుటుంబముగా వచ్చి, తన తాత చేతి పనిని వ్రేళ్లతో నిమిరి చూచుకొని, అక్షింతలు చల్లిపోయెను.